పాత కారు ప్రామాణ్యము
పాత మోటారుకారు అమ్మకమునకు వచ్చినదనఁగానే దాని మెఱుఁగునకు మురిసి బయానా చేతఁబెట్టువారు పెక్కుమంది. కాని రంగు ఎన్నఁడైనను వేయింపవచ్చును, మూలభాగములను మఱల పుట్టింపలేము. 1908 మొదలు 1927 వఱకు అమెరికాలో ఫోర్డు కర్మాగారము వెలువరించిన మోడల్ టీ నే తీసికొందము. ఎంజినుపై ముద్రించిన సంఖ్యయే ఆ బండికి జన్మపత్రిక. ఎడమప్రక్క, నీరు లోనికిఁ బోవు ద్వారమునకుఁ బైని అది కానవచ్చును. ఆ సంఖ్య సూచించు కాలమును, పోఁతపోసిననాఁడే ఎంజిను దిమ్మపై ఉబ్బెత్తుగా నేర్పడిన తేదీతో సరిచూడవలెను; పోఁతతేదీ కొంత ముందుగా నుండుట సహజము, తరువాతిదైనచో సంఖ్య శంకింపఁదగినదే. రెండును కుదిరినంతమాత్రమున బండియంతయు శుద్ధమనరాదు, ఏలయన ఆ కాలమున ఎంజినులను మార్చుట సర్వసాధారణము. 1917 నమూనానుండి ఇత్తడి రేడియేటరు పోయి నల్లని తొడుగు వచ్చినది గనుక, 1920 నాఁటిదని చెప్పుచు ఇత్తడితో తళతళలాడు బండిని జూపు విక్రేత మాటలను చిఱునవ్వుతో వినుఁడు. తలుపుల అడుగున చిన్న అయస్కాంతము నానించి చూడుఁడు. అంటుకొననిచోట నున్నది రేకు గాదు, లప్పము. తుప్పు సోఁకినను మూలపు రేకే నాకు మిన్న. ఆ తుప్పును జూపి వెల తగ్గింపుమని బేరమాడుట వేఱుమాట.