షుగర్ జబ్బుకు గింజల నూనెలు: ఎంతవరకు తోడు?



షోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డ మన నేత కుటుంబాల్లో షుగర్ లేని ఇల్లు వెతకాల్సి వస్తోంది. అందుకే ఈరోజు గింజల నూనెల గురించి నాలుగు మాటలు చెబుతాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మా వీధిలో ఒక పెద్దాయన ఫోన్లో వచ్చిన మెసేజ్ నమ్మి గోలీలు మానేశారు. రోజూ పరగడుపున నల్లజీలకర్ర నూనె తాగారు. రెండు నెలలకు కాలి పుండు ముదిరి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ మెసేజ్‌ను ముందుకు పంపినవాళ్లలో మేమూ ఉన్నాం.

మరి నూనెల్లో గుణమే లేదా? ఉంది. ఇక్కడ మనం కరడి అనే కుసుమ నూనెనే తీసుకోండి. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు షుగర్ ఉన్న, బరువెక్కిన, ముట్లు ఆగిన స్త్రీలకు రోజుకు 8 గ్రాముల చొప్పున 16 వారాలు ఇచ్చి చూశారు. మూడు నెలల సగటు చక్కెర కొంత తగ్గిందని, మంచి కొలెస్ట్రాల్ కొంత పెరిగిందని 2011లో ప్రకటించారు. కానీ పాల్గొన్నది కొద్దిమందే. 8 గ్రాములంటే రెండు చిన్న చెంచాలు కూడా నిండవు.

అవిసెలు, అంటే జవస్, సంగతి వేరు. చక్కెరకు గింజ చేసినంత మేలు నూనె చేయదు. గింజలోని పీచు గానుగ చెక్కలోనే ఉండిపోతుంది కదా! మెంతులూ అంతే. కాబట్టి జొన్నరొట్టెలోకి మన అవ్వలు దంచిన అవిసెపొడే మేలు.

ఇంకో మాట. ఏ నూనైనా గ్రాముకు 9 కేలరీలు. ఉన్న నూనెకు బదులుగా వాడాలి తప్ప, దానిపైన కలపకూడదు. నెలకు మనిషికి అర లీటరు అనుకుంటే రోజుకు సుమారు 15 గ్రాములు వస్తుంది. మన ఇంటి డబ్బా లెక్క మనమే చూసుకుందాం. బజ్జీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. అవిసె నూనెను అసలు కాచకండి. ఏది కొత్తగా మొదలుపెట్టినా డాక్టరుకు చెప్పండి. గోలీలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

పేక ఒక్కటే ఉంటే బట్ట కాదని మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మందు, తిండి, నడక పడుగు. నూనె అందులో ఒక పోగు మాత్రమే. ఇంటికెళ్లాక ఫోన్లో అలాంటి మెసేజ్ ఉంటే ముందుకు పంపకండి. మేమూ పంపం.

సెలవు.