జన్మరహస్యము – యువజన నవల

ఈనాడు పదునాలుగు, పదునారేండ్ల వయసువారు మక్కువతో చదువు ఆంగ్ల నవలలలో ఒక తెగ కలదు. అందు కథానాయిక దత్తపుత్రిక. ఒకనాడు అటకమీది పాత ట్రంకుపెట్టె తెరచును. అందొక చినిగిన ఛాయాచిత్రము, వెలిసిపోయిన రైలు టిక్కెట్టు, ఎరుగని పేరుతో నొక ఉత్తరము దొరకును. ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి బయలుదేరును. వెనుక నెవరో వెంబడించుచుందురు. తుది పుటలలో కన్నతల్లి యెవరో, ఇంతకాలము నిజము దాచినవారెవరో తేలును.

ఇట్టి నవల తెలుగున వ్రాయదలచినవారు మా ఎలమంచిలి స్టేషనునుండియే కథ మొదలుపెట్టవచ్చును. హౌరా–చెన్నై మార్గమున తుని, అనకాపల్లి పట్టణముల నడుమనున్న ఈ స్టేషనులో ఎన్నో బండ్లు ఆగకయే పోవును. ఆగినవియు ఎంతోసేపు నిలువవు. ఆ కొద్ది వ్యవధిలో ఎవరు దిగిరో, బల్లమీద ఏ మూట విడిచి మరల ఎక్కిరో గమనించువారెవరు?

ఈ ప్రసంగమునకు కారణమైన సంగతి చెప్పవలెను. మేము కొందరము కలిసి ఒక చిన్న పుస్తకశాల నడుపుచున్నాము. అట్టి నవల యొకటి పిల్లల చేతులలో తిరుగుచుండగా, దంపతులిద్దరు వచ్చి దానిని తమ అమ్మాయికి ఇయ్యవద్దని కోరిరి. కారణమడిగితిమి. తల్లి కొంతసేపు మాటలాడలేదు. పిదప, “అది మా కడుపున పుట్టిన పిల్ల కాదు మాస్టారూ. ఆ సంగతి దానికి తెలీదు” అనెను. వారెవరో చెప్పము, వారిది ఎలమంచిలి కాదని మాత్రము చెప్పుదుము. ఆమెకు పదునారేండ్లు. ఒక పుస్తకమును దాచుట తేలికయే. దాచవచ్చునా అనునదే మమ్ము కలతపెట్టిన ప్రశ్న.

ఈ కథ కొత్తది కాదు. క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దమున గ్రీకు నాటకకర్త సోఫోక్లీసు రచించిన ఈడిపస్ నాటకమే మొదటి అపరాధపరిశోధన యన్నను తప్పులేదు. కొరింతు రాజు పెంచిన బిడ్డ ఈడిపస్. విందులో త్రాగినవాడొకడు, అతడు ఆ తండ్రికి పుట్టినవాడు కాడని నోరుజారెను. పెంచినవారు ఆ మాటాడినవానిపై కోపించిరే గాని నిజము చెప్పరైరి. కొడుకు ఇల్లు విడిచెను. తరువాతి ఘోరమంతయు ఆ మౌనము వెంట వచ్చినదే.

మన కర్ణుని సంగతి ఇంకను దగ్గరిది. రాధయు, అధిరథుడును పెంచిన ఆ వీరునితో అతని పుట్టుకను గూర్చి పెద్దలు నోరువిప్పి మాటలాడుట యెప్పుడు? యుద్ధము ముంగిటికి వచ్చిన పిమ్మట. మొదట శ్రీకృష్ణుడు చెప్పెను. పిదప కుంతి వచ్చెను. తిక్కన సోమయాజి ఉద్యోగపర్వము చదివినవారికి ఆ ఘట్టములు తెలిసినవే. ఇరువురికిని అతనితో పని యుండెను. కర్ణుడు రాధ చూపిన ప్రేమను తలచుకొని రాధేయుడుగనే యుండ నిశ్చయించుకొనెను. అతని దుఃఖము దత్తత వలన కలిగినది కాదు. నిజము ఆలస్యముగను, ఇతరుల యక్కర కొరకును చెప్పబడుట వలన కలిగినదని మా యభిప్రాయము. పండితులు ఒప్పుకొనకపోవచ్చును.

మన సినిమాలు ఈ కథను చాల చులకన చేసినవి. ఒక పుట్టుమచ్చ, సగము తెగిన గొలుసు, చిన్ననాటి పాట – ఇవి యున్న చాలును. కన్నతండ్రి జమీందారుగనో, మిల్లు యజమానిగనో తేలును. జ్వరము వచ్చిన రాత్రులందు నిద్రమాని కూర్చున్న పెంపుడుతల్లి తుది దృశ్యమున ఒక మూల నిలిచి కొంగుతో కన్నులు తుడుచుకొనును. ఈ యన్యాయము మాకెన్నడును నచ్చలేదు.

నిజమైన ఆనవాళ్లు వేరు. బల్లమీద దొరికిన శిశువును బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపరుపవలెను. ఇప్పటి నియమము ప్రకారము శిశువు ఛాయాచిత్రమును, వివరములను దినపత్రికలో ప్రకటింపవలెను. రెండేండ్ల లోపు బిడ్డయైన రెండు నెలలలోను, పెద్దదైన నాలుగు నెలలలోను విచారణ ముగించి, ఎవరును రానియెడల దత్తతకు అర్హురాలని ప్రకటింతురు. ట్రంకుపెట్టెలోని ఉత్తరముకంటె, పాత పత్రికల కట్టలో ఒక పుటమూల తన పసిముఖమును తానే చూచుకొను బాలిక మాకెక్కువ ఉత్కంఠ కలిగించును.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టములో నొక వింత కలదు. అంతకుముందు సాధారణముగా మగబిడ్డనే దత్తు చేసికొనెడివారు; ఆ చట్టముతో ఆడబిడ్డకును ఆ హక్కు వచ్చెను. దత్తత పోయిన బిడ్డకు పుట్టినింటితో బంధములన్నియు తెగును. కాని పుట్టినింటనే యున్నచో ఎవరిని వివాహమాడగూడదో, దత్తత పోయిన పిమ్మటను వారిని వివాహమాడగూడదు. పుట్టినిల్లు ఏదో తెలియని పిల్ల ఈ నియమము నెట్లు పాటించును? మేనరికములకు అలవాటుపడిన మన నాట ఒక నవలకు ఇది యొక్కటియే చాలును.

దుర్మార్గుడు కావలెనన్నను మనము కల్పింప నక్కరలేదు. 1999లోను, 2001లోను హైదరాబాదులో దత్తత పేర శిశువులను కొని అమ్మిన వ్యవహారములు బయటపడినవి. లంబాడీ తండాలలోని బీదతల్లులనుండి ఆడశిశువులను స్వల్పధనమునకు కొని, విదేశముల వారికి దత్తత ఇచ్చుటకు ప్రయత్నించిరి. ఆ కాగితములలో వ్రాసినదంతయు నిజమని నమ్ముటెట్లు? అట్టి కాగితము పట్టుకొని తల్లిని వెదకు యువతికి ఎదురగునది కత్తిపట్టిన దొంగ కాదు, ఒక అబద్ధపు వేలిముద్ర.

దుర్మార్గుడు లేని కథలును కలవు. మధ్యప్రదేశములోని ఖండ్వాకు చెందిన అయిదేండ్ల బాలుడు 1986లో రైలులో నిద్రపోయి కలకత్తా చేరెను. టాస్మేనియా దంపతులు అతనిని దత్తు చేసికొనిరి. గణేశ్ తలాయి అను తన వాడపేరును ఆ పసినోరు సరిగా పలుకలేకపోయెను. అందుచేత ఎవరికిని జాడ తెలియలేదు. పెద్దవాడైన పిదప సరూ బ్రయర్లీ కంప్యూటరుపై ఉపగ్రహ చిత్రములలో రైలుమార్గముల వెంట వెదకి, 2012లో తల్లిని కలిసికొనెను. 2016లో వచ్చిన ‘లయన్’ చలనచిత్రము ఆ కథయే. పెంచినవారికి అతడు కొడుకు కాకపోలేదు.

ఇక మా దంపతుల సంగతి. మేము వారికి దత్తత నియమములలోని మూలాన్వేషణ భాగము చదివి వినిపించితిమి. పదునెనిమిదేండ్లు నిండినవారు స్వయముగా దరఖాస్తు చేయవచ్చును. నిండనివారు పెంచిన తల్లిదండ్రులతో కలిసి చేయవలెను. మూడవ వ్యక్తి చేయు అన్వేషణను నియమములు అంగీకరింపవు. కావున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌కైనను ఈ కేసు అప్పగించుటకు వీలులేదు! బిడ్డను అప్పగించునాడు తన పేరు బయటపెట్టవద్దని కోరిన తల్లి యున్నచో, ఆమె సమ్మతి లేనిదే వివరములు చెప్పరు. ఆమె కాదన్నచో, ఏ పరిస్థితులలో బిడ్డను అప్పగించెనో ఆ కారణములు మాత్రము తెలుపుదురు. ఎక్కడనో సంసారము చేసికొనుచున్న ఆ తల్లి తలుపు తెరవకుండుటకు కూడ హక్కు కలదని, ఆ ఆంగ్ల నవల వ్రాసినవారికి తోచలేదు.

మాకు మనసున నాటినది ఆ రెండవ నియమము. పదునారేండ్ల పిల్ల ఇల్లు విడిచి పారిపోయి సాధింపగలది ఏమియు లేదు. ఆమె చేతిలోని దరఖాస్తుమీద పెంచిన తల్లియు చేవ్రాలు చేయవలెను. నవల పతాకఘట్టము అర్ధరాత్రి రైలుబండిలో గాక, ఒక ప్రభుత్వ కార్యాలయములోని బల్లమీద ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చున్నపుడు జరుగవలెను.

తండ్రి ఇదంతయు విని, “పెళ్లయ్యాక చెబుదామనుకున్నామండి” అనెను. అప్పటికి ఆ మాట ఏ విందులోనో, ఎవరి నోటనో రాకుండునా యని మేమడిగితిమి. అతడు బదులు చెప్పలేదు. తల్లి పుస్తకమును చేతిలోనికి తీసికొని, మొదట తాను చదివెదననెను. ఇంగ్లీషు తెలియనిచోట్ల కూతురినే అడిగెదనని కూడ అనెను.

పుస్తకము తిరిగి ఇయ్యవలసిన గడువు దాటి నెల దినములైనది. మేము కబురు పంపలేదు.