స్నానపు గదికి ఏ రంగు?

గృహాలంకరణమును గూర్చి మాటలాడువారు సాధారణముగా ముందుగదితో మొదలుపెట్టుదురు. అతిథులు కూర్చుండునది అదియే గదా! స్నానపు గది మాట వచ్చుసరికి, మిగిలిన రంగు ఏదో కొట్టివేయుమని మేస్త్రీతో చెప్పి ఊరకుందురు. నా మనవి ఏమనగా, రంగు ఎంచుకొనుటలో ఎక్కువ ఆలోచన కావలసిన గది అదే. ముందుగదిలో రంగు కుదరకున్న కంటికి కొంత ఎబ్బెట్టుగా నుండును, అంతే. స్నానపు గదిలో కుదరకున్న ముసలివారు పడుదురు.

నాంపల్లి సందులలోని పాత యింటి గుసల్‌ఖానాను ఒక్కసారి కన్నులయెదుట నిలుపుకొనుడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన ఒక చిన్న రోషన్‌దాను. క్రింద బూడిదవన్నె షాబాదు బండలు. మూలను ఒకప్పుడు రాగి హమాము నిలిచిన చోటు. ఇప్పుడా మూలలో వాష్‌బేసిను, దాని క్రింద సబ్బులు, తువ్వాళ్లు దాచుకొనుటకు చెక్క అల్మారా వచ్చినవి. శుభ్రముగా కనబడవలెనను కోరికతో గోడలు తెలుపు, బేసిను తెలుపు, అల్మారా తెలుపు, కమోడు తెలుపు. డెబ్బది యేండ్ల తాతగారు తెల్లవారుజామున కళ్లద్దములు తీసి గూటిలో పెట్టి లోనికి పోవుదురు. బేసిను అంచు ఎక్కడ ముగిసినదో, గోడ ఎక్కడ మొదలైనదో ఆయనకు తెలియదు. ఆనుకొనుటకు చేయి చాపిన చోట ఏమియు నుండదు.

వయసు పైబడినకొలది కంటిలోని కటకము పసుపువారును. లోనికి పోవు వెలుతురు తగ్గును. లేతనీలమునకు, లేతాకుపచ్చకు, బూడిదరంగునకు గల భేదము కరగిపోవును. అందుచేత మనకు ముచ్చటగా తోచు లేతనీలపు గోడ వారికి బూడిదగోడయే. వారికి ఉపకరించునది రంగు పేరు కాదు, లేతకును ముదురుకును గల తేడా.

మరి మన పెద్దలు సున్నపు గోడలతోనే కాలము గడపలేదా యని అడుగవచ్చును. గడపినారు; కాని ఆనాటి గదిలో ఏమేమి ఉండెడివో చూడుడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి వరదల నివారణకును, మురుగునీటి పారుదలకును ఉపాయములు రచించిరి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడెను. 1920లో గండిపేట జలాశయము పూర్తియయ్యెను. క్రమముగా కుళాయి యింటిలోనికి వచ్చినది. ఆ రోజుల స్నానపు గదికి ఏటేట వేయు సున్నము అలంకారము మాత్రమే కాదు. సున్నపు క్షారము బూజును పట్టనీయదు. ఆ తెల్లని గోడ ముందు ఎఱ్ఱని రాగి హమాము, పచ్చని ఇత్తడి బిందె, నల్లని చెక్కపీట ఉండెడివి. చూపు మందగించిన అవ్వకు కూడ చెంబు ఎక్కడ నున్నదో తెలిసెడిది. అప్పుడు గోడ తెలుపు, వస్తువులు రంగువి. ఇప్పుడు వస్తువులన్నియు తెలుపైనవి; కనుక గోడయే రంగుది కావలెను.

అన్ని గోడలును ముదురు చేయవలెనని కాదు. గది చిన్నది, వెలుతురు తక్కువ. బేసిను వెనుక గోడకు, కమోడు వెనుక గోడకు మధ్యస్థమైన రంగు, అనగా ఇటుకపొడి వన్నెయో, గంధపు వన్నె కంటె నాలుగు పాళ్లు ముదురో వేసి, తక్కిన గోడలను, పైకప్పును లేతగా విడిచిన చాలును. అల్మారాకు మాత్రము బూడిదరంగు వలదు. షాబాదు బండ తడిసినప్పుడు నల్లబడును. దానిపై బూడిద అల్మారా కలిసిపోయి మోకాలికి తగిలిన తరువాత గాని కనబడదు. ఎఱ్ఱచాయ గల గోధుమరంగు నిలుచును. అద్దమున్న గోడకు ఎదురుగా ఆకుపచ్చ వేయించువారు కొందరు కలరు. ఆ పచ్చదనము ముఖముపై ప్రతిఫలించి, ఆరోగ్యవంతుడును తనకు కామెర్లు వచ్చినవేమోయని అద్దము ముందు నాలుక చాచి చూచుకొనును!

ఇక ఆబిడ్సులో దుకాణమునకు పోవుదురు. అక్కడ రంగుల పట్టీ చేతికిత్తురు. తపాలాబిళ్ల యంత చదరములో చూచిన రంగు గోడపై అట్లుండదు. చిన్న గదిలో ఒక గోడ రంగు ఎదుటి గోడపై పడి, అది మరల దీనిపై పడి, లేత గులాబి కాస్త పండు గులాబి యగును. అందుచేత పట్టీలో మెచ్చినదానికంటె ఒక మెట్టు లేతది తీసికొనుట మేలు. దుకాణములో కన్నులు మిరుమిట్లు గొలుపు దీపములుండును. మీ గదిలో ఉదయము రోషన్‌దాను వెలుతురు, రాత్రి ఒక్క దీపము. పసుపుచాయ దీపము క్రింద నీలము మాసినట్లుండును, తెల్లచాయ ఎల్.ఇ.డి. దీపము క్రింద గంధపురంగు చల్లబడును. రెండడుగుల చదరపు అట్టకు రంగు పూసి, ఆరిన పిమ్మట, బేసిను వెనుక నిలిపి ఉదయమొకసారి, రాత్రి యొకసారి చూడుడు. ఇంటిలో అందరికంటె పెద్దవారిని పిలిచి, అద్దములు లేకుండ బేసిను అంచు చూపుమని అడుగుడు. వారు తడుముకొనకుండ చూపినచో ఆ రంగు సరియైనది. ఆరినదాకా అని ఎందులకన్నాననగా, సున్నము తడిగా నున్నప్పుడు పలుచగా తోచి ఆరినప్పుడు తెల్లబడును. ఎమల్షను రంగులు తడిలో లేతగా నుండి ఆరినప్పుడు ముదురగును.

పాత సున్నపు గారగోడ యైనచో దానిపై నూనెరంగు వేయకుడు. గోడ పీల్చిన తేమ బయటికి పోలేక పొక్కులు లేచును. సున్నపు క్షారము నూనెను సబ్బుగా మార్చి మెత్తబరచును. అట్టి గోడకు సున్నములోనే రంగు కలుపుకొనవచ్చును. జాజు, పసుపువన్నె మట్టి, బట్టలకు పెట్టు నీలిమందు పొడి సున్నమునకు తట్టుకొనును. నేడు సీసాలలో వచ్చు ద్రవపు నీలి దీనికి పనికిరాదు.

పిల్లలున్న యింట మరియొక జాగ్రత్త కలదు. దీనిని మాత్రము ఉపేక్షింపరాదు. పాత తలుపులకు, అల్మారాలకు వేసిన నూనెరంగులలో, ముఖ్యముగా పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశమున గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుండి అమలైనది. అంతకు ముందటి పూతను ఉప్పుకాగితముతో పొడిగా గీకించినచో లేచు ధూళి పిల్లల మెదడుకు హాని చేయును. తడిపి గీకింపుడు. మంటతో కాల్చి తీయనీయకుడు. పని ముగిసి గది కడుగువరకు పిల్లలను, గర్భవతులను ఆ దరికి రానీయకుడు. పనివాని ముక్కునకు గుడ్డ చాలదు, దుమ్మునాపు మంచి మాస్కు ఇప్పింపుడు. పెచ్చులు లేవక గట్టిగా నున్న పాత పూతను గీకకుండ దానిపైననే క్రొత్త పూత వేయించుట ఒక్కొక్కప్పుడు వివేకము.

అల్మారాను గూర్చి ఇంకొక మాట. లోపలివైపు తెలుపు ఉండిన వస్తువులు చక్కగా కనబడును. కాని నూనెతో చేసిన తెల్లరంగు వెలుతురు సోకని చోట పసుపెక్కును. తలుపులు మూసియుంచు అల్మారాలో అది ఏడాది రెండేండ్లలో వెన్నరంగునకు దిగును. బయట తెల్లగా, లోపల పాతబడినట్లుగా నుండును. నీటితో కలుపు ఎనామిలు వేయించినచో ఈ బాధ తక్కువ. బోరునీరు వాడు ఇండ్లలో బయటివైపు మరీ ముదురు రంగు వేసిన, చిందిన ప్రతి చుక్కయు ఆరి తెల్లమచ్చగా మిగులును. పొయ్యి మీద కాచిన నీటి బాన అడుగున పట్టు పొర వంటిదే అది. దానిని తీయుటకు ఆమ్లము వాడుదురు. ఆ ఆమ్లము షాబాదు బండను కూడ తినివేయును, అది సున్నపురాయి గనుక. తడిగుడ్డతో వెంటనే తుడుచుట తప్ప వేరు చికిత్స లేదు.

రంగు వేయువాడు అల్మారా తలుపుల అడుగు అంచును విడిచిపెట్టుట కద్దు, ఎవరికిని కనబడదు గనుక. నీరు చెక్కలోనికి ఎక్కునది అక్కడినుండియే. తలుపులు ఊడదీయించి, అడుగు అంచులకు రెండు పూతలు మొదట వేయించి, అవి ఆరిన తరువాతనే ముందువైపు పని పట్టింపుడు.