బిడ్డ ఏడవకముందే అడుగుతుంది

నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చినది. తప్పులుంటే మన్నించండి.

మా తాతగారు బాగాన్ డాతో కొబ్బరి తోటకు వచ్చినవారు. నేను బడిపంతులమ్మను. గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం నా అలవాటు. 1986లో నా మొదటి బిడ్డ దగ్గర కూడా అదే చేశాను. ఆసుపత్రివారు ఇచ్చిన కాగితంలో నాలుగు గంటలకొకసారి పాలు అని ఉంది. పిల్ల రెండు గంటలకే మెదిలి, నోరు తెరిచి వెతికేది. నేను గడియారం చూచేదాన్ని.

"పిల్ల అడుగుతోందే, ఇవ్వవే" అనేది అమ్మమ్మ.

"ఇంకా ఏడవలేదు కదా అమ్మమ్మా" అనేదాన్ని. ఏడిస్తే, ఇంకా వేళ కాలేదనేదాన్ని. నెల తిరిగేసరికి నా పాలు తగ్గిపోయినవి. బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరుతాయి, తాగనివ్వకపోతే తగ్గుతాయి. అది నాకు తరువాత తెలిసింది. డబ్బా కొన్నాము. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు.

డబ్బా అంటే అమ్మమ్మకు కోపం. పూర్వం ఈ దేశంలో చక్కెర కలిపిన చిక్కటి డబ్బా పాలు నీళ్ళలో కలిపి పసిబిడ్డలకు పట్టేవారు. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ "పాలు, హత్య" అన్న పేరుతో దానిని ఖండిస్తూ మాట్లాడారు. ఇప్పటి పిల్లల పాలపొడి వేరు. సీసా పట్టే తల్లులను నేను తప్పుపట్టను. సీసా బిడ్డ కూడా అడుగుతుంది, చాలు అని కూడా చెబుతుంది. మిగిలిన పాలు బలవంతంగా పట్టకండి.

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అడగడమంటే ఏడవడమేనా? పెదవులు చప్పరించడం, చెంప తాకితే అటు తిరగడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, ఇవన్నీ అడగడమే. ఏడుపు ఆఖరుది. ఎర్రబడి ఏడ్చే బిడ్డ రొమ్ము సరిగా పట్టదు. ముందు గుండెకు ఆనించుకొని ఊరడించాలి. రొమ్ము వదిలి, పిడికిళ్ళు సడలితే కడుపు నిండినట్టే.

పుట్టిన కొత్తలో రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు తాగడం మామూలే. కొందరు పసివాళ్ళు నిద్రమత్తులో అడగనే అడగరు. వారిని మాత్రం లేపి పట్టాలి. మొదటి వారం దాటాక రోజుకు ఆరు గుడ్డలైనా తడవకపోతే నర్సుకు చూపించండి.

ఇక్కడ చంటిపిల్లల తల్లులున్నారు. నా మాట ముగిసేదాకా మీరు ఆగనక్కరలేదు. వెనుక గదిలో కుర్చీలు వేయించాము.