మా అమ్మాయి నేలమీద పడుకుని చదివిన ఎం.ఏ.

  నేను ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. పదకొండేళ్ళు దుబాయ్‌లో చేసి, మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని డిపెండెంటుగా లండన్ వచ్చాను. ఇక్కడ మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టి ఇప్పుడు సైటు సూపర్‌వైజర్ని.

"అన్నా, మీ అమ్మాయి ఏం చదివింది?" అని చాలామంది అడుగుతారు. "మాస్టర్సు" అని మాట మార్చేసేవాణ్ణి. ఇవాళ దాచకుండా చెప్తాను.

మా అమ్మాయి బయోమెడికల్ సైన్స్ డిగ్రీ చేసింది. ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరక్కుండా, "నాన్నా, నాకు డ్రామా స్కూల్లో సీటొచ్చింది, క్లాసికల్ యాక్టింగ్‌లో ఎం.ఏ., ఒక సంవత్సరం" అంది. రెండు నాటకాల ముక్కలు కంఠతా పట్టి, మాకు చెప్పకుండా ఆడిషన్ ఇచ్చొచ్చింది. ఈ ఊళ్ళో ఇవి పాత స్కూళ్ళే. లామ్డా 1861లో పెట్టింది, రాడా 1904లో. తను చదివింది ఏదో చెప్పొద్దని ఆర్డర్, కాబట్టి చెప్పను.

గవర్నమెంటు ఇచ్చే పీజీ లోను ఫీజుకి సరిపోలేదు. మిగతాది ఊళ్ళో మేడమీద స్లాబు కోసం దాచిన డబ్బు. నేను ఇవ్వనన్నాను. మా ఆవిడ ఎదురు చెప్పలేదు, నైట్ షిఫ్టులు పెంచుకుంది. ఆర్నెల్లు నేనూ నా కూతురూ ఒకే వంటింట్లో "తిన్నావా", "తిన్నాను" వరకే.

నాకు తెలిసిన నాటకమంటే మా ఊళ్ళో శివరాత్రికి రాయబారం. హార్మోనియం, పద్యం, చివర్న రాగం తీస్తే జనం వన్స్‌మోర్. అది పుట్టుకతో వచ్చేదే తప్ప, పొద్దున వెళ్ళి సాయంత్రం ఆరు దాటాక వచ్చే చదువేంటి? పైగా తను ఇంటికొచ్చి హాల్లో నేలమీద వెల్లకిలా పడుకునేది. తల కింద లావుపాటి పుస్తకం, మోకాళ్ళు మడిచి, పొట్టమీద చెయ్యి. స్లాబు డబ్బుతో కూతురు నేలమీద పడుకోవడం నేర్చుకుంటోంది అనుకున్నాను.

తర్వాత ఫిబ్రవరిలో నా గొంతు పోయింది. సైట్లో మన పనే అరవడం కదా. రెండు వారాలు బొంగురు. డాక్టరు గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నాడు, సూపర్‌వైజర్‌కి విశ్రాంతి ఎవడిస్తాడు? ఒకరోజు డంపర్ వెనక్కొస్తోంది. కొత్త కుర్రాడొకడు ఫోన్ చూసుకుంటూ దాని వెనక్కి నడిచాడు. నేను చూశాను. అరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. బ్యాంక్స్‌మన్ చూసి బండి ఆపించాడు కాబట్టి సరిపోయింది. వాడిది కూడా మన జిల్లానే. వాళ్ళమ్మకి నేను ఏం చెప్పేవాణ్ణి?

ఆ రాత్రి నేనే వెళ్ళి అమ్మాయి పక్కన నేలమీద పడుకున్నాను. తను ఏమీ అడగలేదు. నా తలకింద పుస్తకం పెట్టింది. "గొంతుతో అరుస్తున్నావు నాన్నా, ఊపిరితో అరవాలి. భుజాలు లేపకు. పొట్ట నిండనీ, పక్కటెముకలు విచ్చుకోనీ." నెలరోజులు రోజూ పది నిమిషాలు. మొదట మెల్లగా హమ్మింగ్, తర్వాత మాట. ఇప్పుడు పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో ముప్ఫైమందికి వినపడేలా మాట్లాడతాను, సాయంత్రానికి గొంతు మిగులుతుంది. మీరూ చేసి చూడండి, ఖర్చు లేదు. కానీ బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అప్పుడు అడగడం మొదలెట్టాను, ఇంకా ఏం నేర్పుతారని. షేక్‌స్పియర్ పద్యం వరసకి మామూలుగా పది అక్షరాలట, ఐదు దెబ్బలు. ఒక్కోసారి ఆ వరస ఇద్దరికి పంచి ఉంటుంది. ఒకరు సగంలో ఆపితే రెండోవాళ్ళు జాగు లేకుండా అందుకోవాలి. ఇటుకలు చేతులు మార్చినట్టే, ఒకడు ఆలస్యం చేస్తే వరసంతా ఆగిపోతుంది. కత్తియుద్ధం, పాతకాలపు డ్యాన్సులు కూడా ఉన్నాయి. షేక్‌స్పియర్ కాలపు బెన్ జాన్సన్ నాటకాలూ చదువుతారు. ఆయన నాటకాలు రాయకముందు తాపీపని చేశాడంటే నమ్మలేదు నేను.

అన్నిటికంటే లాబాన్ సంగతి నన్ను పట్టేసింది. రుడాల్ఫ్ లాబాన్ డ్యాన్సు మాస్టారు, 1938లో ఇంగ్లండ్ వచ్చాడు. యుద్ధకాలంలో మగవాళ్ళ పనులు ఆడవాళ్ళు చేయాల్సి వచ్చినప్పుడు, లారెన్స్ అనే ఆయనతో కలిసి ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ కదలికలు చూశాడు. బరువు ఎక్కడ పెడుతున్నారు, ఎంత వేగం, చెయ్యి నేరుగా పోతోందా వంపు తిరుగుతోందా అని. 1947లో ఇద్దరూ పుస్తకం వేశారు. నొక్కడం, గుద్దడం, పిండడం, జారడం, తేలడం, ఇలా ఎనిమిది రకాలు. ఇప్పుడు డ్రామా స్కూళ్ళలో పాత్ర ఎలా నడవాలో దాంతోనే నేర్పుతారట. అంటే మనలాంటివాళ్ళని చూసి పుట్టిన పాఠం, మన పిల్ల ఫీజు కట్టి నేర్చుకుంటోంది! తేలడాన్ని వాళ్ళు 'ఫ్లోట్' అంటారు. "మా ఫ్లోట్ అలా తేలదమ్మా, ప్లాస్టర్ మీద అణిచి తిప్పాలి" అని వంటింటి గోడమీద చేసి చూపించాను. తను నోట్సు రాసుకుంది.

జూన్‌లో ఆఖరి నాటకం, 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'. అందులో వడ్రంగి, నేతగాడు, దర్జీ లాంటి పనివాళ్ళు దొరగారి పెళ్ళికి నాటకం కడతారు. వడ్రంగి క్విన్స్ వాళ్ళకి మేస్త్రీ. మా అమ్మాయిదే ఆ వేషం. మొదటి సీనులో అతను అందరి పేర్లూ పిలవాలి. చెవిమీద పెన్సిల్. పేరు పిలిచి, కాగితంలోంచి తలెత్తి, మనిషి మొహం ఒకసారి చూసి, అప్పుడే టిక్కు. మొహం చూడకుండా టిక్కు పెట్టను నేను. హాజరు కాదు, వీడు నిద్రపోయి వచ్చాడా లేదా అని చూస్తాను. ఇది నేను తనకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు ఒకట్రెండు సార్లు నాతో సైట్ గేటు దాకా వచ్చింది, అంతే. జనం నవ్వుతున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

ఉద్యోగం వచ్చిందా అంటారా? రాలేదు. వారానికి మూడురోజులు ల్యాబు, మిగతా రోజులు ఆడిషన్లు. ఇప్పటికి ఏడు, ఒక్కటీ తగల్లేదు. మీ పిల్లల్ని పంపమని నేను చెప్పను, ఆపమనీ చెప్పను. ముందు ఫీజు, లోను, మీ ఇంటి లెక్క కాగితం మీద వేసుకోండి.

ఊళ్ళో స్లాబు ఇంకా పడలేదు. గురువారం తనకి ఎనిమిదో ఆడిషన్. నాకు ఆరోజు ఏడింటికి కాంక్రీటు ఉంది. ఉంటాను మరి.