మూత్రపిండ మార్పిడి – రాయవేలూరు వరకు



1900లో ఐడా స్కడ్డర్ రాయవేలూరులో ఒకే మంచంతో ప్రారంభించిన వైద్యశాల క్రమంగా క్రైస్తవ వైద్య కళాశాలగా పెరిగినది. ఒడుగత్తూరు, గుడియాత్తం తెలుగు కుటుంబాలకూ, ఎల్లకు ఆవలనున్న చిత్తూరు సీమవారికీ కష్టకాలంలో తట్టే తలుపు అది. భారతదేశంలో మూత్రపిండ మార్పిడి తొలిసారి సఫలమైనది అక్కడే, 1971లో.

ఈ చికిత్సకు అసలు అడ్డంకి శస్త్రకౌశలం కాదు. రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతిని అలెక్సిస్ కారెల్ 1902లోనే ప్రకటించినాడు. 1933లో ఖేర్సోన్ నగరంలో వొరొనోయ్ అనే వైద్యుడు మృతుని మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చినాడు. రెండు దినాలలో ఆ ప్రాణం పోయినది. పరాయి అవయవాన్ని శరీరం శత్రువుగా ఎంచి తిరస్కరిస్తుంది. అడ్డంకి అదే.

ఏకరూప కవలల విషయంలో ఆ తిరస్కారం ఉండదు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం రొనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చినది. ముందుగా ఒకరి చర్మాన్ని మరొకరికి అతికి చూచినారు, వేలిముద్రలు సైతం పోల్చినారు. అయినను ఆ వైద్యులను వేధించినది ఒక ధర్మసందేహం. ఏ రోగమూ లేనివానిని, అతని దేహానికి ఏ మేలూ చేయని కోతకు గురిచేయవచ్చునా? మతాచార్యులనూ న్యాయవేత్తలనూ సంప్రదించిన పిమ్మటే కత్తి పట్టినారు. రిచర్డ్ ఎనిమిదేండ్లు బ్రతికినాడు.

కవల సోదరులు ఎందరికుంటారు! 1960లలో అజథయోప్రిన్ అనే మందు వచ్చి, తిరస్కారాన్ని కొంత అణచగలిగిన తరువాతనే ఇతరులకు దారి దొరికినది. 1965లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో జరిగిన ప్రయత్నంలో రోగి దక్కలేదు. ఆరేండ్లకు వేలూరులో శస్త్రవైద్యుడు మోహనరావు, మూత్రపిండ వైద్యుడు కె.వి. జానీ సజీవ దాత ఇచ్చిన మూత్రపిండంతో కృతకృత్యులైనారు.

బోస్టన్ వైద్యుల సందేహం మాత్రం తీరలేదు సరికదా, మరింత వికృతరూపం దాల్చినది. పేదలు అప్పులకోసం మూత్రపిండాలు అమ్ముకొనగా, చెన్నైలోని విల్లివాక్కానికి ‘కిడ్నీవాక్కం’ అనే పేరు పడినది. అది ఎగతాళి కాదు, అవమానం. 1994 నాటి కేంద్ర చట్టం అవయవ విక్రయాన్ని నేరంగా ప్రకటించి, మెదడు మరణాన్ని మరణంగా గుర్తించినది. 2008 నుండి తమిళనాడు ప్రభుత్వం మరణానంతర దానాన్ని ఒక వరుసలో నడుపుతున్నది.

దాత రొనాల్డ్ హెరిక్ మిగిలిన ఒక్క మూత్రపిండంతోనే 2010 వరకు జీవించినాడు.