మసి ఎక్కడ, తుప్పు ఎక్కడ
(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఆనందపురంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆ మూల బల్ల మీద గుడ్డ కప్పి పెట్టినదాని గురించి చెప్పమని మమ్మల్ని పిలిచారు. అది కమ్మరి కొలిమి. మా హాస్టల్ ఆడపిల్లలు, మేము కలిసి ఆదివారాలు కూర్చుని కట్టిన నమూనా.

కొలిమే ఎందుకు? ఆదివాసీ సంస్కృతి అనగానే థింసా బొమ్మలు అందరూ చేస్తారు. అవి ఉండాల్సిందే. కానీ భగతలైనా, కొండదొరలైనా, గదబలైనా, పోర్జలైనా, పొలంలో నాగలి కర్రు దిగాలన్నా అడవిలో గొడ్డలి ఆడాలన్నా వెనక ఒక కొలిమి ఉండేది. మన షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర తెగ ఉంది. మా హాస్టల్లో ఆ తెగ పిల్లలూ ఉన్నారు. అందులో ఒకమ్మాయి, పెద్దల వృత్తి అని అడిగితే ఎప్పుడూ ‘వ్యవసాయం’ అని రాసేది. బైలడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీద వాళ్ళ కొండల్లోంచే విశాఖకు దిగుతుంది. 1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు ఎలా పనిచేస్తుందో ఆ పిల్ల బొమ్మ గీసి చెప్పగలదు. ఇంట్లో తాత కొడవలికి పదును ఎలా పెట్టేవాడో మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

అడుగుకి అంగుళం కొలత పెట్టుకున్నాం. అంటే పన్నెండో వంతు. పన్నెండడుగుల పాక పన్నెండంగుళాలు అవుతుంది, మూడడుగుల సమ్మెట పిడి మూడంగుళాలు అవుతుంది. లెక్కల పీరియడ్లో నిష్పత్తి అంటే ముఖం తిప్పుకునే పిల్లలు ఇక్కడ స్కేలు వదల్లేదు. అయితే కొలత తగ్గించినంత సులువుగా పదార్థం తగ్గదు. పాక మీద నిజం గడ్డి వేస్తే ఒక్కో పోచ వెదురు బొంగులా కనిపిస్తుంది. అందుకని గోనెపీచు విప్పి వేశారు. నేలకు మట్టిని పాత చీర గుడ్డలో జల్లించారు. తిత్తికి తెగిపోయిన హ్యాండ్‌బ్యాగు తోలు, దాగలికి కోసిన ఇనుప ముక్క.

కట్టడం నాలుగు వారాల్లో అయిపోయింది. పాతబరచడానికే ఎక్కువ కాలం పట్టింది. మన ఏటికొప్పాక బొమ్మ అందం లక్క మెరుపులో ఉంది. కొలిమికి ఆ మెరుపు పనికిరాదు. కొత్త కర్రను ముసలిది చేయడానికి ముందు చిక్కటి టీ డికాక్షన్ పూసి ఆరనిచ్చాం. తుప్పు పట్టే రకం ఇనుప పీచును రెండ్రోజులు వెనిగర్లో నానబెట్టి, ఆ నీళ్ళు పైన రాశాం. చూస్తుండగానే కర్ర నల్లబడింది. టీలోని వగరు, ఇనుము కలిస్తే పుట్టే నలుపు అది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీత గీస్తే నలుపు తేలేదీ ఇందుకే. పిల్లలకు ఇంతకంటే మంచి కెమిస్ట్రీ పాఠం మేము చెప్పలేదేమో! మేకుల్ని ఉప్పునీళ్ళలో వేసి, ఆరబెట్టి తుప్పుపొడి తీశాం. సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఎందుకు తినేస్తాయో విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. మసికి బొగ్గుపొడి, అరిగిన ఇనుము మెరుపుకి పెన్సిల్ ములుకు పొడి. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ఇవన్నీ చేతికి వచ్చాయి, సరే, ఎక్కడ పూయాలి? ఆ అమ్మాయి వీడియో కాల్లో నమూనాను తాతకు చూపించింది. ఆయన కొంచెంసేపు చూసి మమ్మల్ని అడిగారు: “టీచరమ్మా, ఇది నడుస్తున్న కొలిమా, మూసేసిన కొలిమా?”

ఆ ఒక్క ప్రశ్నతో పనంతా మారిపోయింది. నడిచే కొలిమిలో దాగలి ముఖం అద్దంలా ఉంటుంది, తుప్పు దాని పక్కలకే. సుత్తి పిడి పట్టుకునేచోట చెమటకు నల్లబడి నున్నగా ఉంటుంది, చివర ఎండి తెల్లగా ఉంటుంది. నీళ్ళతొట్టి అంచున ఎర్రటి చార ఉంటుంది. మూసేసిన కొలిమిలో అన్నింటికీ ఒకటే తుప్పు, ఒకటే దుమ్ము.

ఆయన కొలిమి మూతపడి చాలా ఏళ్ళయింది. సంతలో తయారీ కొడవళ్ళు చవగ్గా దొరుకుతున్నాయి. ఉన్నదున్నట్టు చూపాలంటే మూసిన కొలిమే చేయాలని మాలో కొందరం అన్నాం. ఆ మాటలో న్యాయం ఉంది. పిల్లలు ఒప్పుకోలేదు. “మూసేసినదాంట్లో తాత ఏం చేసేవాడో ఎలా తెలుస్తుంది మేడమ్?” అంది ఆ అమ్మాయి. పిల్లల మాటే నిలిచింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం తాత ఫోన్లో చెప్పడం, పిల్లలు నోటుబుక్కుల్లో రాసుకోవడం. లారీ కమాను పట్టీలు కొని కత్తులు చేసేవారట. ఆ ఉక్కు మంచి పదును పట్టి నిలుస్తుందని చెప్పారు. అందుకే నమూనాలో గోడవార వంపు తిరిగిన పట్టీలు కనిపిస్తాయి. గాలి పడమర నుంచి కొడుతుంది కాబట్టి పొగ అటు నిలవదట. ఆ వైపు వాసాలకు మసి పల్చగా వేశారు. ఆయన కూర్చునేచోట కాలిమడమ నొక్కి నొక్కి పడిన గుంట ఉండాలన్నారు. చిటికెన వేలి కొనతో నొక్కి చేశారు. పాకలో పూర్తిగా తుప్పు పట్టిన వస్తువు ఒక్కటే ఉంది, చూరుకు వేలాడే బాణం ములుకుల కట్ట. కొలిమి నడుస్తున్న రోజుల్లోనే వాటిని అడిగేవాళ్ళు లేకుండా పోయారట. అయినా పారేయలేదు.

ఈ ఏడాది పెద్దల వృత్తి గడిలో ఆ అమ్మాయి ‘కొలిమి’ అని రాసింది.

ఇక గుడ్డ తీస్తారు. వార్నిష్ వేస్తే మెరుపు వస్తుందని వేయలేదు, బొగ్గుపొడి ఇంకా వేలికి అంటుతుంది. దయచేసి ముట్టకుండా చూడండి. మీ ఊరి కొలిమిలో తిత్తి ఇంకోవైపు ఉండేదనో, పట్టకారు వేరే తీరుగా ఉండేదనో అనిపిస్తే బల్ల పక్కన నోటుబుక్కులతో నిలబడ్డ పిల్లలకు చెప్పండి. రాసుకుంటారు.